ఊరంతటిలోకీ తెల్లని చొక్కా

ఆ రోజుల్లో మా కిరండూల్‌కి కొత్త సంగతి ఏదైనా రావాలంటే విశాఖపట్నంలో పాసింజరు బండెక్కి, అరకు సొరంగాలన్నీ దాటుకుని, ప్రతి స్టేషన్లోనూ ఆగి టీ తాగి, మా దాకా వచ్చేసరికి పాతబడిపోయేది. ఇప్పుడు ఫోను తీస్తే చాలు. ఎక్కడో బెంగళూరులో కూర్చుని ఎవరో నక్షత్రాలని ఫొటో తీయడం ఎలాగో చెప్తుంటే, నేను ఇక్కడ పప్పన్నం కలుపుకుంటూ వినేయవచ్చు. వింటాను కూడా. అయినా ఫొటోగ్రఫీ గురించి పెద్దగా ఏమీ తెలియకుండా, అంతా తెలిసినవాడిలా మెడలో కెమెరా వేలాడేసుకుని తిరిగిన ఆ కొద్ది సంవత్సరాల్లో ఉన్న నిశ్చింత మళ్ళీ నాకు దొరకలేదు. (ఇప్పుడు మాత్రం ఏం తెలిసిందట అని మా ఆవిడ పక్కనుంచి అడుగుతోంది. ఆమెని పట్టించుకోకుండా ముందుకు సాగుదాం.)

అప్పుడే నేను మా ఊరి ఇనుప ఖనిజం గనిలో ఎలక్ట్రికల్ సెక్షన్లో ట్రైనీగా చేరాను. నాన్న క్రషింగ్ ప్లాంటులో పనిచేసేవారు. మొదటి దసరా బోనసు చేతికి రాగానే నాతోటి కుర్రాళ్ళు మోటారు సైకిళ్ళు కొనుక్కుంటే నేను విశాఖ వెళ్ళి డిజిటల్ కెమెరా కొనుక్కొచ్చాను. "ఫిలిం ఎయ్యక్కర్లేదంటే మరి లోపల ఏటుంటాదిరా?" అని అమ్మ అడిగింది. చాలాసేపు వివరించాను. చివరికి అమ్మకి అర్థమైందో లేదో గానీ, నాకు అప్పటిదాకా అర్థమైంది కాస్తా పోయింది. నాలాంటి పిచ్చివాళ్ళు కాలనీలో మరికొందరు పోగయ్యారు. స్కూల్లో లెక్కలు చెప్పే మేడం, ఆసుపత్రి కాంపౌండరు గారు, ఇంకా ఒకరిద్దరు. ఆదివారం సాయంత్రాలు రిక్రియేషన్ క్లబ్బులో కేరం బల్ల చుట్టూ చేరేవాళ్ళం. క్లబ్బు వాళ్ళు దయతలచి నోటీసు బోర్డులో ఒక మూల మాకిచ్చారు. అక్కడ 'డిజిటల్ ఫొటోగ్రఫీ: వార్తలు, రాబోయే తరగతులు' అని ఎర్ర స్కెచ్ పెన్నుతో శీర్షిక పెట్టి, కింద తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి రాసి అంటించడం నా పని. దాంతో అమ్మానాన్నలు పెట్టిన పేరు వెనకబడిపోయి కాలనీ అంతటికీ నేను 'నోటీసు'ని అయిపోయాను.

ఆ వార్తలన్నీ నేను తెప్పించుకునే ఒక ఇంగ్లీషు పత్రికలోంచి దించేవాణ్ణి. అది మామూలుగానే ఆలస్యంగా వచ్చేది. వానాకాలంలో పట్టాల మీద కొండచరియ పడిందంటే ఇక చెప్పక్కర్లేదు. అందుచేత 'రాబోయే' అని నేను రాసిన తరగతులన్నీ అప్పటికే ముగిసి, నేర్చుకున్నవాళ్ళు నేర్చుకుని ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయి ఉండేవారు. మా సభ్యులు మాత్రం వాటిని ఎంతో శ్రద్ధగా చదివేవారు. "చెన్నైలో మనుషుల ముఖాలు ఫొటో తీసే క్లాసట. భోజనం వాళ్ళదేనట. అయ్యో, ఆ రోజు నాకు డ్యూటీ ఉందే" అని కాంపౌండరు గారు నొచ్చుకునేవారు. "సార్, అది పోయిన నెల తేదీ" అని మేడం అంటే, "అవునా, పోనీలెండి, అయితే బాధ లేదు" అని తేలికపడేవారు. ఇలా దాటిపోయిన తరగతులకి వెళ్ళలేకపోయినందుకు బాధపడడంలోనే మాకు చాలా ఆదివారాలు గడిచిపోయాయి. చివరికి ఒకరోజు మేడం, "ఎక్కడో జరిగే క్లాసులు మనకెందుకు, మనమే ఒకటి పెట్టుకుందాం. నోటీసు చెప్తాడు" అంది. నేను కాదనలేకపోయాను. నిజం చెప్పాలంటే కాదనాలని అనిపించలేదు కూడా.

సరిగ్గా అప్పుడే షవల్ మావయ్య రిటైర్మెంటు దగ్గరపడింది. ఆయన మాకు బంధువేమీ కాదు. క్వార్టర్ల లైన్లో పక్కిల్లు. బైలాడిల కొండమీద ఖనిజాన్ని తవ్వి డంపర్లలో పోసే పెద్ద యంత్రం, దాన్నే షవల్ అంటారు, దాన్ని నడిపేవాడు కాబట్టి ఆ పేరు. రాజాం దగ్గర పల్లె నుంచి కుర్రతనంలో వచ్చి, ముప్పై ఏళ్ళకి పైగా ఆ కొండమీదే ఉన్నాడు. కొండమీదికి కెమెరాలు తీసుకెళ్ళనివ్వరు. అందువల్ల అన్నేళ్ళ ఉద్యోగంలో తన యంత్రంతో ఆయన దిగిన ఫొటో ఒక్కటీ లేదు. ఒక సాయంత్రం గోడమీద నుంచి నన్ను పిలిచి, ఎన్నడూ ఏమీ అడగని మనిషి, కాస్త సిగ్గుపడుతూ అడిగాడు.

"ఒరే నోటీసూ, ఊరెల్లిపోతే మనవలు అడుగుతారు కదా, తాతా నువ్వు ఏ పని సేసీవోడివని. నోటితో ఎంతని సెప్పను? ఒక్క పొటో ఉంటే సాలు. నేనూ, మిషనూ, ఎనకాల ఎర్రగా మా కొండా. అంతే."

ఆ మాట నేను క్లబ్బులో చెప్పాను. మేడం, కాంపౌండరు గారు కలిసి ఆఫీసు చుట్టూ తిరిగి, రిటైరయ్యే రోజు పొద్దున మా బృందం కెమెరాలతో కొండెక్కడానికి అనుమతి సంపాదించారు. ఆ ఒక్క పూటకే. మళ్ళీ అడగొద్దని ముందే చెప్పారు. ఆ వారంలోనే మావయ్య సామానంతా సర్దుకుని విశాఖ బండి ఎక్కేస్తాడు. అంటే ఫొటో చెడితే బాగుచేసుకునే దారి లేదన్నమాట. అందుకే మా మొట్టమొదటి తరగతికి ఏ పాఠం పెట్టాలా అని ఆలోచించలేదు. రంగులు తప్పకుండా తీయడం ఎలా, అదీ పాఠం. ఒక్కసారి మాత్రం నా నోటీసు బోర్డు మీద నిజంగా రాబోయే తరగతి ఒకటి రాశాను.

పాఠం నాకు పత్రికలోంచి వచ్చింది. ఒక్కో వెలుతురులో తెలుపు ఒక్కోలా కనిపిస్తుంది. మన కన్ను సర్దుకుంటుంది గానీ కెమెరా సర్దుకోలేదు. అందుకని ముందుగా ఒక తెల్లటి వస్తువుని దానికి చూపించి, ఇదీ తెలుపు అని చెప్పాలి. తర్వాత మిగతా రంగులన్నీ అదే సరిచూసుకుంటుంది. తెల్లకాగితమైనా చాలని పత్రికలో ఉంది. కానీ మా కొండమీద గాలికి కాగితం నిలవదు, గుడ్డయితే మేలని కాంపౌండరు గారన్నారు. "అయితే అందరూ ఇంట్లో ఉన్నవాటిలో బాగా తెల్లగా ఉన్నది తీసుకురండి. అన్నిటిలోకీ తెల్లనిది ఎంచుకుందాం" అని నేను ప్రకటించాను. ఇంతవరకూ పాఠంలో తప్పేమీ లేదు. ఇప్పటికీ అదే చెప్తున్నాను.

ఆ ఆదివారం కేరం బల్ల మీద కాలనీలోని తెలుపంతా పరుచుకుంది. మేడం స్కూలు యూనిఫాం చున్నీ తెచ్చింది. కాంపౌండరు గారు ఆసుపత్రి కోటు తెచ్చారు. ఒకాయన దిండు గలీబు, ఒకాయన (ఇంట్లో చెప్పకుండా) మామగారి పట్టుపంచె తెచ్చారు. నేను నాన్న ఆదివారం చొక్కా తెచ్చాను. ఆ చొక్కా గురించి రెండు మాటలు చెప్పాలి. మా లైన్లో బట్టలు తెల్లగా ఉతకడంలో అమ్మని మించినవాళ్ళు లేరు. నీలిమందు ఎన్ని చుక్కలు, ఎండ ఏ గోడమీద ఎప్పుడు పడుతుంది, నిమ్మచెక్క ఎప్పుడు రుద్దాలి అని ఆడవాళ్ళు వచ్చి అడిగి వెళ్ళేవారు. అమ్మ చెప్పేది, కానీ కొంచెం దాచుకుని చెప్పేది. కేరం బల్ల మీద అన్నిటినీ పక్కపక్కన పెట్టి, దూరంగా నిలబడి, కళ్ళు చిట్లించి చూసి, చేతులెత్తి ఓటు వేశాం. అందరి ఓట్లూ నాన్న చొక్కాకే పడ్డాయి. మామగారి పట్టుపంచె తెచ్చినాయన సైతం తనది కాదని ఒప్పుకున్నాడు. సంగతి ఇంట్లో చెప్తే అమ్మ, "దానికి ఓటెందుకూ, తెలిసిందే కదా" అంది గానీ ఆ రాత్రి కూరలో ఉప్పు వెయ్యడం మర్చిపోయింది. నాన్న మాత్రం బనీనుతో కూర్చుని, "నా చొక్కాకి క్లబ్బులో ఉద్యోగం వచ్చింది. మరి నేను ఏం తొడుక్కోను?" అన్నారు.

రిటైర్మెంటు రోజు పొద్దున్నే జీపులో బయల్దేరాం. అందరి మెడల్లో కెమెరాలు, నా చేతిలో అదనంగా హ్యాంగరుకి తగిలించిన నాన్న చొక్కా. చెక్‌పోస్టు దగ్గర గార్డు కెమెరాలన్నీ అనుమతి కాగితంతో పోల్చి చూసుకుని, నా దగ్గర ఆగిపోయాడు. "యే షర్ట్ కిస్కా హై?" అన్నాడు. మా నాన్నదన్నాను. "పితాజీ కహాఁ హై?" అన్నాడు. ఇంట్లో ఉన్నారన్నాను. కాసేపు నన్నూ చొక్కానీ మార్చి మార్చి చూసి, కెమెరాల అనుమతిలో చొక్కా మాట లేదు కదా అని అడిగాడు. అప్పుడు లెక్కల మేడం దిగి, స్కూల్లో పిల్లలకి చెప్పే గొంతుతో, హిందీలో వెలుతురు గురించీ తెలుపు గురించీ మొత్తం పాఠం చెప్పింది. ఆయన పాఠం మధ్యలోనే గేటు తీసేశాడు. (మా తరగతికి హాజరైన ఏకైక బయటి విద్యార్థి ఆయనే.)

కొండమీద మంచు అప్పుడే విడుతోంది. మావయ్య తోటివాళ్ళు ఆయన మెడలో బంతిపూల దండలు వేసి, జగదల్‌పూర్ నుంచి తెప్పించిన కొత్త పంచెల చాపు భుజాల మీద కప్పారు. ఊరెళ్ళేవాడికి కొత్తబట్టలు పెట్టి పంపడం మా గనిలో మొదటినుంచీ ఉన్న ఆచారం. ఆయన వెళ్ళి షవల్ బకెట్ దగ్గర నిలబడ్డాడు. ఆ బకెట్లో మనుషులు పంక్తి భోజనం చేయవచ్చు. అంత పెద్ద యంత్రాన్ని ఆయన ఆవుని నిమిరినట్టు నిమిరాడు. నేను పక్కన నిలబడి హ్యాంగరు ఎత్తిపట్టుకున్నాను. ఒక్కొక్కరూ వచ్చి చొక్కా మీద కెమెరా గురిపెట్టి, ఇదీ తెలుపు అని దానికి నేర్పి, వెళ్ళి ఫొటో తీసుకున్నారు. గాలికి చొక్కా చేతులు లేచి అందరికీ టాటా చెప్తున్నట్టు ఊగాయి. నా కెమెరాతోనూ తీశాను. ఎండ ఎక్కేసరికి కెమెరాల వెనకున్న చిన్న తెరల్లో ఏమీ కనపడలేదు. ఫరవాలేదు, రంగులు ముందే సరిచేశాం కదా అనుకున్నాం. అంత ధీమాగా నేను ఆ తర్వాత ఎప్పుడూ ఏ పనీ చేయలేదు.

మధ్యాహ్నం మావయ్యని మేళతాళాలతో ఇంటికి దింపాక, ఆయన్నీ ఆయన భార్యనీ వెంటబెట్టుకుని అందరం బజార్లో స్టూడియో అన్న దగ్గరికి వెళ్ళాం. ఆయనది కుంట అనే ఊరి దగ్గర మరైగూడ. పాస్‌పోర్టు సైజు ఫొటోలు తీసుకుంటూ, గోండీ, హల్బీ, హిందీ, తెలుగు నాలుగూ ఒకే వాక్యంలో మాట్లాడగల మనిషి. ఆయన దుకాణంలో కూర్చోవడానికి రెండే స్టూళ్ళు. మావయ్యా అత్తా వాటి మీద కూర్చున్నారు. మెడలో దండలు తీసేసినా మావయ్య పంచెల చాపు మాత్రం భుజం మీదనుంచి దించలేదు. తన చొక్కా ప్రతాపం చూద్దామని అమ్మ కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది. నా చేతిలో హ్యాంగరు అలాగే ఉంది. స్టూడియో అన్న మొదటి ఫొటో కంప్యూటర్ తెరమీద పెద్దది చేశాడు.

తెరమీద మావయ్య మలేరియా వచ్చి లేచినవాడిలా పసరు రంగులో నవ్వుతున్నాడు. పసుప్పచ్చటి షవల్ పచ్చి మామిడికాయలా ఉంది. వెనక కొండకి ఎరుపే లేదు. తడిసిన బూడిద కుప్పలా ఉంది.

"ఏంది తమ్మీ ఇది," అన్నాడు స్టూడియో అన్న. "మనిషికి పానం బాగనే ఉన్నదా?"

రెండోది తెరిచాడు. మూడోది తెరిచాడు. మేడం తీసినవి, కాంపౌండరు గారు తీసినవి, నావి, అన్నీ అంతే. అందరం ఒకే పాఠం నేర్చుకున్నాం మరి. మావయ్య తెరకి దగ్గరగా వంగి చూసి, చాలా మెల్లిగా, "ఇది మా కొండ కాదురా. మా కొండ ఎర్రగుంటాది" అన్నాడు. ఆ మాట తిట్టు కన్నా ఎక్కువ తగిలింది. ఆయన అడిగిన మూడింటిలో ఒక్కటీ నేను ఇవ్వలేకపోయాను.

గుమ్మంలోంచి అమ్మ మాత్రం, "బట్టలు సూడండి ఎంత తెల్లగా పడ్డాయో" అంది. అది నిజం. ఫొటోలో ఎవరి చొక్కా చూసినా మల్లెపువ్వే. స్టూడియో అన్న ఆ కంప్యూటర్లో ఉన్న చుక్కలమందు గొట్టంలాంటి గుర్తు తీసుకుని, "తెల్లది యాడుందో ఆడ నొక్కితే రంగు సక్కగైతది" అని వెనక నిలబడ్డ ఒకాయన చొక్కా మీద నొక్కాడు. ఏమీ మారలేదు. ఇంకో చొక్కా మీద నొక్కాడు. అబ్బే. "ఇది ముందే తెల్లగున్నదంటుంది తమ్మీ, ఇంక నేనేం జేయాలె" అని చేతులెత్తేశాడు.

అప్పుడు అత్త ముక్కు మీద వేలేసుకుని అంది. "అది సరే గానీ, ఈ పంచెల సాపు తెల్లది కదా? పొటోలో నీలంగుందేటి? జగదల్‌పూర్ దుకాణపోడు మోసం సేసినాడేటి?"

మావయ్య భుజం మీది పంచె తీసి వెలుతురులోకి పట్టుకుని చూశాడు. మడత విప్పని కొత్త పంచె, పాలలా ఉంది. "తెల్లగానే ఉంది కదే" అని దాన్ని నా చేతికిచ్చాడు. ఆ చేతిలోనే నాన్న చొక్కా ఉంది. రెండూ పక్కపక్కన పడ్డాయి.

ఊరంతటిలోకీ తెల్లని చొక్కా లేత గులాబీ రంగులో ఉంది.

చూసినవాళ్ళం అందరం ఒక్కసారే మా మా ఒంటిమీది బట్టలు చూసుకున్నాం. కాంపౌండరు గారి కోటు గులాబీ. మేడం చున్నీ గులాబీ. స్టూడియో అన్న లేచి, పాస్‌పోర్టు ఫొటోలకి వెనక కట్టే తెల్లతెర దగ్గరికి వెళ్ళి పంచె పెట్టి చూసి, "అరె, ఇన్నేండ్లు నా ప్రింటర్‌ను తిడుతున్న" అన్నాడు. కొండమీంచి దిగే ఎర్రదుమ్ము మా గాలిలో ఉంది, మా నీళ్ళలో ఉంది, దండేలమీద ఉంది. కొత్తబట్ట మొదటి ఉతుకుతోనే మా ఊరి బట్ట అయిపోతుంది. అందరివీ ఒకేలా ఉంటే ఎవరికి తెలుస్తుంది? ఒకసారి విజయనగరం నుంచి వచ్చిన మా పిన్ని, "మీ ఊరి మగాళ్ళంతా గులాబీరంగు కడతారేటే" అని అడిగితే, పాపం చిన్న వయసులోనే కళ్ళు దెబ్బతిన్నాయని అమ్మ ఎంతో జాలిపడింది. కెమెరాకి మేము గులాబీని తెలుపని నేర్పాం. అది నమ్మి, లోకంలో ఉన్న ఎరుపంతా ఆ మేరకి తీసేసింది. అది చాలా బుద్ధిమంతురాలైన విద్యార్థిని. మాస్టారే అలాంటివాడు.

స్టూడియో అన్న ఇప్పుడు ఫొటోలోని కొత్త పంచె మీద నొక్కాడు. తెరమీద కొండ ఎర్రగా వచ్చేసింది. షవల్ పసుప్పచ్చగా, బంతిపూలు బంతిపూలలా, మావయ్య ముఖం మావయ్య ముఖంలా వచ్చాయి. ఆయన గట్టిగా ఊపిరి వదిలి, "ఇదీ" అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. నాకు ఎంత సంతోషమైందో ఇప్పటికీ చెప్పలేను. అయితే ఫొటోలో ఉన్న తెల్లచొక్కాలన్నీ కూడా అదే క్షణంలో గులాబీ రంగుకి తిరిగిపోయాయి.

అత్త ఒప్పుకోలేదు. "ఇదెలాగ గోడకి తగిలిస్తాం? మా ఊర్లో జనం సూసి, ఇన్నేళ్ళూ ఒక్క సొక్కా సరిగ్గా ఉతకనేదా అనరూ?" అంది. కొండని అలాగే ఉంచి చొక్కాలు మాత్రం తెల్లగా చేసి ఇవ్వగలనని స్టూడియో అన్న ఆశపెట్టాడు. వద్దన్నాడు మావయ్య. ఈలోగా నేను అమ్మవైపు చూశాను. అమ్మ లోపలికి వచ్చి, నా చేతిలోంచి చొక్కా తీసుకుని, పంచె పక్కన పెట్టి ఒకసారి, తీసి ఒకసారి చూసుకుంటోంది. "ఇన్నాళ్ళూ ఇది తెలుపనుకున్నానా నేను" అంది, ఎవరితోనూ కాదు. ఫొటోలు పసరు రంగులో వచ్చినప్పుడు కూడా నాకు అంత బాధ కలగలేదు.

మావయ్య స్టూలు మీదనుంచి లేచాడు. "సెల్లెమ్మా, ఊరు ఊరంతా ఓటేసింది. ఈ కిరండూల్లో నీ సొక్కా కన్నా తెల్లనిది మరోటి నేదు. పంచెది జగదల్‌పూరు. దాంతో మనకెందుకు పోటీ?" అన్నాడు. అమ్మ నవ్వలేదు గానీ చొక్కాని మడతపెట్టుకుని చంకలో పెట్టుకుంది. నాన్నకి ఆ సాయంత్రానికి చొక్కా దక్కింది. ఆ వారంలోనే మావయ్య ఎర్రకొండ ఉన్న ఫొటోని ఫ్రేము కట్టించుకుని, సామాన్లలో వెయ్యకుండా ఒళ్ళో పెట్టుకుని బండెక్కాడు.

తర్వాత చాలా కాలం గడిచింది. నేను ఇక్కడే ఉద్యోగంలో పాతుకుపోయాను. అమ్మానాన్నలు నాతోనే ఉన్నారు. నోటీసు బోర్డు పోయి ఫోన్లో గ్రూపు వచ్చింది. శీర్షిక మాత్రం మార్చలేదు. ఇప్పుడు 'రాబోయేవి' నిజంగానే రాబోయేవి. జగదల్‌పూర్‌లో పక్షుల ఫొటోలు తీయడం నేర్పుతారు, బచేలిలో ఫోను కెమెరాతో తీసేవాళ్ళకి తరగతి ఉంది, ఇంట్లోనే కూర్చుని నేర్చుకునేవి అయితే లెక్కలేనన్ని. మావయ్య రాజాం నుంచే ఆ గ్రూపులో సభ్యుడు. ఏ తరగతికీ రాడు, అన్నిటికీ బొటనవేలు చూపిస్తాడు. ఈమధ్య నేను, 'కొత్తవాళ్ళకి తరగతి: రంగులు తప్పకుండా తీయడం. ఉతకని కొత్త తెల్లరుమాలు వెంట తెచ్చుకోవాలి' అని పెట్టగానే ఫోను మోగింది.

"ఒరే నోటీసూ, నా పొటోకి కష్టమొచ్చిందిరా," అన్నాడు మావయ్య. "ఇక్కడి నీళ్ళకి మా సొక్కాలన్నీ తెల్లబడిపోయాయి. మీ అత్త ఇప్పుడు ఆ సొక్కాలు పట్టుకొచ్చి పొటో పక్కన పెట్టి, మన బట్టలెప్పుడూ అంత ఎర్రగా నేవు, ఆ కుర్రోళ్ళు పొటో పాడుసేసినారు, దించెయ్యమంటోంది. మనవలు కూడా ఆవిడ పక్కకే సేరిపోయారు. సాచ్చికం సెప్పడానికి నా దగ్గర ఎర్రసొక్కా ఒక్కటీ మిగల్లేదు."

ఎలాగూ విశాఖలో పనుంది. అమ్మనడిగి నాన్న పాత చొక్కా సంచిలో పెట్టుకుని బయల్దేరాను. అదే చొక్కా, కాలరు అరిగిపోయింది. రాజాంలో మావయ్య ఇంట్లో ముందుగదిలో ఫొటో ఇంకా గోడమీదే ఉంది. మావయ్య, మిషను, కొండ. అంచున, ఫ్రేములోకి సగం వచ్చి, ఒక బక్క కుర్రాడు హ్యాంగరు ఆకాశానికి ఎత్తిపట్టుకుని నిలబడ్డాడు. లోకంలోకెల్లా తెల్లనిది తన చేతిలోనే ఉందని వాడికి ఏ అనుమానమూ లేదు. వాణ్ణి చూస్తే నాకు నవ్వొచ్చింది. కొంచెం అసూయ కూడా కలిగింది.

చొక్కా తీసి అత్తకిచ్చాను. ఆవిడ దాన్ని వాకిట్లో ఆరేసిన మావయ్య చొక్కా పక్కకి తీసుకెళ్ళి పట్టుకుంది. చాలాసేపు చూసింది. కాలరు తిప్పి చూసి, వేళ్ళతో నలిపి, "వదిన ఉతుకే. నీలిమందు అంచులో నిలవకుండా ఆవిడొక్కర్తే ఉతికేది" అంది. తర్వాత లోపలికి వచ్చి, చొక్కా మడిచి, బీరువాలో పట్టుచీరల మీద పెట్టింది. "అది తిరిగి ఇవ్వాలత్తా" అన్నాను. "ఇక్కడే ఉండనీ. నేనుతకన్లే. ఇక్కడి నీళ్ళలో ఉతికితే ఈ రంగు పోతాది" అంది. ఫొటో దించమని మళ్ళీ అనలేదు. మావయ్య నావైపు చూసి, ఫోన్లో పంపించే బొటనవేలు ఎదురుగానే చూపించాడు.

చొక్కా లేకుండా ఇంటికొచ్చి అత్త అన్న మాట అమ్మకి చెప్పాను. అమ్మ పెరట్లోకి వెళ్ళిపోయింది. మర్నాడు ఆదివారం, నాన్న మరో చొక్కా దండెం మీద ఆరేస్తూ నన్ను పిలిచింది. "నోటీసూ, ఇలా వచ్చి సూడు. తెల్లగుందా?" అంది.

ఆ హ్యాంగరు కుర్రాడైతే పరిగెత్తుకెళ్ళి కెమెరా తెచ్చి సరిచూసేవాడు. నేను ఎండకి చెయ్యి అడ్డంపెట్టుకుని, కళ్ళు చిట్లించి చూశాను. "ఊరంతటిలోకీ తెల్లగా ఉందమ్మా" అన్నాను. అమ్మ సంతోషంగా క్లిప్పు పెట్టింది.